ప్లస్ టూ తర్వాత ఏ డిగ్రీ? ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్లకి ఒక సమగ్ర మార్గదర్శి

పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి ఏటా రిజల్ట్స్ వచ్చే సమయానికి ఒకటే ప్రశ్న వస్తోంది. "ప్లస్ టూ అయిపోయింది, ఇక్కడే ప్లస్ త్రీ (డిగ్రీ) చదివించాలా, వైజాగ్ పంపాలా, బీటెక్ మంచిదా బీఎస్సీ మంచిదా?" ఒక్కొక్కరికి విడిగా చెప్పడం కుదరడం లేదు కాబట్టి, ఏది ముందు చూడాలో ఏది తర్వాత చూడాలో వరుసగా రాస్తున్నాను.

ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. మన వైపు పిల్లలకి కోర్సు పేరు మొదట తేల్చుకోవాల్సిన విషయం కాదు. ఏ రాష్ట్రంలో మీ బిడ్డ లోకల్, ఏ రాష్ట్రంలో ఉద్యోగం చేయాలనుకుంటోంది, ఆ ఉద్యోగానికి ఏం అడుగుతారు, ఈ మూడూ తేలాక కోర్సు చూడాలి. చాలా ఇళ్లలో ఇది తిరగబడుతోంది. సీటు వచ్చాక కాగితాలు వెతుకుతున్నారు, అప్పటికి గడువు దాటిపోతోంది.

1. ముందు ఒక కాగితం మీద ఇవి రాయండి

ఏ వెబ్‌సైటూ తెరవక ముందు, అమ్మానాన్నలూ పిల్లలూ కలిసి కూర్చుని రాయాల్సినవి:

- ప్లస్ టూ ఏ బోర్డు, ఏ స్ట్రీమ్ (సైన్సా, ఆర్ట్సా, కామర్సా), మ్యాథ్స్ ఉందా, బయాలజీ ఉందా
- తొమ్మిది, పది, ఇంటర్ ఏ ఊళ్లో, ఏ రాష్ట్రంలో చదివారు
- ఒడియా ఏ తరగతి వరకు సబ్జెక్టుగా చదివారు, పాసైన మార్కుల కాగితం ఉందా
- రెసిడెంట్, కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఏ తహసీల్దార్ ఆఫీసు నుంచి ఉన్నాయి, గడువులో ఉన్నాయా
- ఏడాదికి ఇల్లు భరించగల మొత్తం, హాస్టలు, మెస్సు, రాకపోకల ఖర్చుతో కలిపి
- డిగ్రీ కాగానే సంపాదన మొదలవ్వాలా, ఇంకో రెండు మూడేళ్లు చదివించగలరా

ఆఖరి ప్రశ్నకి నిజాయితీగా జవాబు రాయండి. ఇంట్లో మొహమాటానికి "చదివిస్తాం" అని రాస్తే, పిల్లలు దాన్ని నమ్మి ఫిజిక్స్ ఆనర్స్ తీసుకుంటారు. మూడో ఏడాదికి ఎమ్మెస్సీ ఫీజు లేదని తెలిస్తే వాళ్లకి దారి మూసుకుపోయినట్టే అనిపిస్తుంది.

2. మీరు ఎక్కడ లోకల్? ఇది తేలకుండా అప్లికేషన్ పెట్టకండి

మన సరిహద్దులో ఎక్కువ మంది పొరపాటు పడే చోటు ఇదే, అందుకే కొంచెం నెమ్మదిగా చదవండి.

ఇల్లు పర్లాకిమిడిలో ఉంది, పది దాకా అక్కడే చదివారు, ఇంటర్ మాత్రం శ్రీకాకుళంలోనో వైజాగ్‌లోనో కార్పొరేట్ కాలేజీలో చేశారు. ఇప్పుడు ఆంధ్రా ఈఏపీసెట్‌లో (ఇంజనీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ సీట్లకి ఆ రాష్ట్రం పెట్టే ప్రవేశ పరీక్ష) లోకల్ అనుకుంటున్నారు. చదువు లెక్కన అయితే, క్వాలిఫైయింగ్ పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ లోకల్ ఏరియాలో చదివి ఉండాలి, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా. రెండేళ్లు సరిపోవు. అప్పుడు మిగిలేది 85 శాతం లోకల్ సీట్లు పోగా ఉండే 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్లు, వాటిలో కూడా లోకల్ పిల్లలు పోటీలో ఉంటారు. పైగా ఆ 15 శాతానికి కూడా అర్హత నిబంధనలున్నాయి. తల్లిదండ్రుల్లో ఒకరు ఆంధ్రాలో మొత్తం పదేళ్లు నివాసం ఉన్నారా, అక్కడి ప్రభుత్వోద్యోగులా, ఇలాంటివి చూస్తారు. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో లోకల్, నాన్ లోకల్ పేజీని మీరే చదవండి, కాలేజీ పీఆర్వో మాట మీద వదిలేయకండి.

దీనికి ఇంకో కొస ఉంది. జేఈఈ మెయిన్ (జాతీయ ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) ద్వారా ఎన్‌ఐటీ (కేంద్ర ఇంజనీరింగ్ కాలేజీ) సీటు చూసేవాళ్లకి హోమ్ స్టేట్ లెక్క ఇంటి అడ్రస్సుతో కాదు, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారన్న దానితో నడుస్తుంది. ఒడిశాలో ప్లస్ టూ పాసైతే రూర్కెలా ఎన్‌ఐటీలో సగం సీట్ల హోమ్ స్టేట్ కోటా మీది. వైజాగ్‌లో ఇంటర్ పాసైతే అది పోతుంది, దాని బదులు తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ మీ హోమ్ స్టేట్ అవుతుంది. తప్పూ లేదు ఒప్పూ లేదు గానీ, ఇది పదో తరగతి అవ్వగానే ఆలోచించాల్సిన విషయం. మీ ఇంట్లో చిన్నవాళ్లు ఉంటే ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.

రిజర్వేషన్ కూడా అంతే. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతుల జాబితాలు రాష్ట్రానికి రాష్ట్రానికి వేరు. ఒడిశా తహసీల్దార్ ఇచ్చిన కుల సర్టిఫికెట్‌తో ఆంధ్రా రాష్ట్ర కోటాలో సీటు అడగలేరు, అటు నుంచి ఇటూ అంతే. అవతలి ఒడ్డున మేనమామ పిల్లలకి బీసీ సీటు వచ్చింది కదా, మనకీ వస్తుందనుకోవద్దు. మీ కులం పేరు ఒడిశా జాబితాలో ఉందా, కేంద్రం ఓబీసీ జాబితాలో ఒడిశా కింద ఉందా, ఈ రెండూ విడివిడిగా చూసుకోవాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆంధ్రా ప్రభుత్వం వాళ్ల రాష్ట్రం పిల్లలకి ఇచ్చేది. ఒడిశా నివాసులు ఒడిశా స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్ చూడాలి. పక్క రాష్ట్రంలో చదివితే మీ పథకం వర్తిస్తుందో లేదో సీటు తీసుకోక ముందే అడగండి.

3. ఒడియా సంగతి

ఒడిశాలో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం మనసులో ఉంటే ఇది దాటవేయలేరు. నోటిఫికేషన్లలో సాధారణంగా ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలని, కనీసం ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలని అడుగుతారు. తెలుగు మీడియంలోనో, ఆంధ్రా వైపు ఇంగ్లీషు మీడియంలోనో చదివిన పిల్లల దగ్గర ఆ కాగితం ఉండదు. మాట్లాడ్డం గడగడా వచ్చు, అయినా సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు ఆగిపోతారు.

కాగితం లేనివాళ్లకి ఆ స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసే వీలుంది. డిగ్రీ మొదటి ఏడాదిలోనే రాసేయండి, ఉద్యోగ నోటిఫికేషన్ పడేదాకా ఆగొద్దు. డిగ్రీలో భాషా పేపరు కింద మీ కాలేజీ ఏ భాషలు ఇస్తోందో కూడా అడగండి, తెలుగు ఉంటే మంచిదే, కానీ పైన చెప్పిన ఒడియా అర్హత దానితో తీరదు.

4. ఇప్పుడు డిగ్రీల సంగతి: ముందు రెండు గుంపులు చేయండి

ఒక గుంపు: డిగ్రీయే లైసెన్సు. మరో గుంపు: డిగ్రీ ఒక మెట్టు. ఈ తేడా తెలిస్తే సగం గందరగోళం పోతుంది.

మొదటి గుంపులో ఎంబీబీఎస్, బీడీఎస్, బీఎస్సీ నర్సింగ్, బీ ఫార్మసీ, బీఆర్క్, లా, బీఎడ్ ఉంటాయి. ఇవి (నర్సింగ్, ఫార్మసీల్లో వీటి కింది డిప్లొమా అయినా) చేయకుండా ఆ పని చేయనివ్వరు. చేశాక ఆ పనికి తప్ప మిగతావాటికి ప్రత్యేకంగా కలిసొచ్చేది తక్కువ. అందుకే "వస్తే వచ్చింది, చేరదాం" అని చేరే కోర్సులు కావు ఇవి.

- నర్సింగ్: బీఎస్సీ నాలుగేళ్లు, జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) మూడేళ్లు. పెద్ద ఆస్పత్రులు, టీచింగ్ పోస్టులు, విదేశాలు అనుకుంటే బీఎస్సీ. ఆ కాలేజీకి ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడకుండా డబ్బు కట్టొద్దు.
- ఫార్మసీ: సొంతంగా మెడికల్ షాపు పెట్టడమే ఉద్దేశమైతే రెండేళ్ల డీ ఫార్మసీ చాలు. కంపెనీలు, పై చదువు అయితే నాలుగేళ్ల బీ ఫార్మసీ. ఫార్మ్ డీ ఆరేళ్లు, ఇల్లు అన్నేళ్లు ఆగగలదా చూసుకోండి.
- లా: ప్లస్ టూ తర్వాత ఐదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీ, లేదా ఏదైనా డిగ్రీ అయ్యాక మూడేళ్ల ఎల్ఎల్‌బీ. లాయరే అవ్వాలని పదిహేడేళ్ల వయసులోనే గట్టిగా తేల్చుకున్న పిల్లలకే మొదటిది. మిగతావాళ్లకి రెండో దారి ఏడాది ఎక్కువ పట్టినా, మధ్యలో మనసు మారితే చేతిలో ఒక డిగ్రీ ఉంటుంది.
- టీచరు: మూడేళ్ల డిగ్రీ ప్లస్ రెండేళ్ల బీఎడ్, లేదా ప్లస్ టూ తర్వాత నేరుగా నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు. దీనికి జాతీయ స్థాయిలో ఎన్‌సీఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఏడాది కలిసొస్తుంది, అయినా మన వైపు దీన్ని అడిగేవాళ్లు చాలా తక్కువ.

రెండో గుంపు బీఏ, బీఎస్సీ, బీకామ్, బీబీఏ, బీసీఏ. బీటెక్ మధ్యలో ఉంటుంది, కొన్ని ఉద్యోగాలకి అదే అర్హత, మిగతా వాటికి ఒక మెట్టు. ఈ గుంపులో కోర్సు పేరు కంటే లోపల తీసుకునే సబ్జెక్టులే తలుపులు తెరుస్తాయి. దాని గురించి తర్వాతి భాగంలో చెప్తాను.

5. వెనక నుంచి ముందుకి రండి

పిల్లలు ఏం అవ్వాలనుకుంటున్నారో రెండు మూడు ఉద్యోగాలు రాయండి. ఒక్కటే రాయొద్దు. ఆ ఉద్యోగాల పాత నోటిఫికేషన్ తెరిచి, విద్యార్హత అన్న చోట ఏముందో ఒక్క పేరా చదవండి. పది నిమిషాల పని, మూడేళ్లు కాపాడుతుంది.

ఎలా చూడాలో చెప్తాను. బ్యాంక్ పీఓ, సివిల్స్, ఎస్ఎస్‌సీ సీజీఎల్‌లో ఎక్కువ పోస్టులకి ఏ డిగ్రీ అయినా చాలు. కాబట్టి వీటి కోసమే అప్పు చేసి బీటెక్ చదివించనక్కర్లేదు, ఊళ్లో ప్లస్ త్రీ చదువుతూ ప్రిపేర్ అవ్వొచ్చు. కానీ అదే యూపీఎస్సీ పెట్టే ఫారెస్ట్ సర్వీస్‌కి బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్, జియాలజీ, స్టాటిస్టిక్స్, అగ్రికల్చర్ లాంటి సబ్జెక్టుల్లో ఒకటో, ఇంజనీరింగో ఉండాలి. హిస్టరీ ఆనర్స్ చదివిన పిల్లకి అడవి మీద ఎంత ప్రేమ ఉన్నా ఆ పరీక్ష రాసే వీలుండదు.

స్కూల్ టీచరు ఉద్యోగంలో ఇంకా జాగ్రత్త. బీఎడ్ ఉంటే సరిపోదు, డిగ్రీలో ఏయే సబ్జెక్టులు కలిపి చదివారో చూస్తారు. ఉదాహరణకి కేంద్రీయ విద్యాలయంలో మ్యాథ్స్ టీజీటీ (హైస్కూలు టీచరు) పోస్టుకి మ్యాథ్స్‌తో పాటు ఫిజిక్స్, దానికి తోడు కెమిస్ట్రీ, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్, స్టాటిస్టిక్స్‌లో ఒకటి అడుగుతూ వచ్చారు. మ్యాథ్స్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకుని మైనర్‌గా (పక్క సబ్జెక్టుగా) సంబంధం లేనిది పట్టుకుంటే ఆ తలుపు మూసుకుంటుంది.

ఎంసీఏ చేయాలనుకునేవాళ్లకి ప్లస్ టూలోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉంటే మేలు, బీసీఏ నుంచి వచ్చేవాళ్లకి వేరే లెక్క. సీఏ అవ్వాలంటే డిగ్రీ అయ్యేదాకా ఆగనక్కర్లేదు, ప్లస్ టూ తర్వాత ఫౌండేషన్ రాయొచ్చు, బీకామ్ పక్కన నడిపించొచ్చు.

6. మూడేళ్లా నాలుగేళ్లా?

కొత్త విధానంలో ఎక్కువ మంది తికమక పడేది ఇక్కడ. యూజీసీ (యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మొదటి ఏడాదికి 40 క్రెడిట్లతో (చదివిన మేరకు లెక్కవేసే పాయింట్లు) సర్టిఫికెట్, రెండో ఏడాదికి 80తో డిప్లొమా, మూడేళ్లకి 120తో డిగ్రీ, నాలుగేళ్లకి 160తో ఆనర్స్. మధ్యలో ఆగేవాళ్లకి ఆ సర్టిఫికెట్ కోసం చేయాల్సిన వృత్తి సంబంధమైన క్రెడిట్లు అదనంగా ఉంటాయి. ఒడిశాలో 2024-25 నుంచి ఈ పద్ధతి డిగ్రీ కాలేజీల్లోకి వచ్చింది. ఆంధ్రాలో నాలుగేళ్ల ఆనర్స్ ముందే మొదలైంది.

గుర్తుంచుకోండి, ఇక్కడ పాత మాటకి అర్థం మారింది. ఇదివరకు మన వైపు మూడేళ్లకే "ఫిజిక్స్ ఆనర్స్" అనేవాళ్లం. ఇప్పుడు ఆనర్స్ అన్న పేరు నాలుగో ఏడాది పూర్తి చేసినవాళ్లకి. పెద్దన్నయ్య మూడేళ్లలో ఆనర్స్ చేశాడు కదా అని లెక్క వేసుకోకండి.

నా అభిప్రాయం ఇది. ఉద్యోగ పరీక్షలు, బీఎడ్, మూడేళ్ల లా, రెండేళ్ల పీజీ అనుకుంటే మూడేళ్లకి డిగ్రీ తీసుకుని బయటికి రండి. పరిశోధన మీద నిజంగా ఆసక్తి ఉంటే నాలుగో ఏడాది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉన్నవాళ్లకి నాలుగో ఏడాది రీసెర్చ్‌తో ఆనర్స్ చేసే వీలుంది, తర్వాత పీజీ ఒక్క ఏడాదిలో అయ్యే దారీ ఉంది. కానీ మీ కాలేజీలో ఆ సబ్జెక్టుకి నాలుగో ఏడాది నిజంగా నడుస్తోందా, గైడ్ చేసే అధ్యాపకులు ఉన్నారా అని ముందు అడగండి. చిన్న ఊళ్ల కాలేజీల్లో ఇది పెద్ద ప్రశ్న.

7. దగ్గర్లో ఏమున్నాయో చూడకుండా దూరం పోకండి

బరంపురంలోనే ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) ఉంది, అందులో ఐదేళ్ల బీఎస్ ఎంఎస్. దానికి జేఈఈ కాదు, ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి. సైన్స్ బాగా వచ్చిన పిల్లలకి ఇంటి పక్కన ఉన్న అవకాశం ఇది, అయినా ఆ పేరే వినని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

కోరాపుట్‌లో సెంట్రల్ యూనివర్సిటీ ఆఫ్ ఒడిశా, అటు విజయనగరంలో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం, రెండింటికీ సీయూఈటీ (కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. కేంద్ర విశ్వవిద్యాలయాలు కాబట్టి రాష్ట్ర లోకల్ గొడవ ఉండదు, మన సరిహద్దు పిల్లలకి అదే పెద్ద ఊరట. బరంపురం యూనివర్సిటీ, పర్లాకిమిడి ఎస్‌కేసీజీ కాలేజీ, రాయగడ అటానమస్ కాలేజీ, జయపురం విక్రమ్ దేవ్ యూనివర్సిటీ, వీటిలో ఏ సబ్జెక్టుకి రెగ్యులర్ అధ్యాపకులు ఉన్నారో వెళ్లి కనుక్కోండి. కాలేజీ పేరు కన్నా ఆ డిపార్ట్‌మెంట్ పరిస్థితి ముఖ్యం. ల్యాబ్ తలుపు తెరిచి ఉందా, చివరి ఏడాది పిల్లలు ఏమంటున్నారు, ఇవి ఒక పూట పెట్టి చూసి రండి.

రెగ్యులర్‌గా వెళ్లలేని ఇళ్లకి ఇగ్నో (కేంద్ర దూరవిద్య విశ్వవిద్యాలయం) ఉంది, కోరాపుట్‌లో ప్రాంతీయ కేంద్రం. అయితే ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా డిగ్రీలు దూరవిద్యలో ఇస్తామని ఎవరైనా అంటే డబ్బు కట్టకండి, వాటికి అనుమతి లేదు.

8. అప్లికేషన్ల వరుస

ఒక్కటే నమ్ముకుంటే టెన్షన్. మూడు దారుల్లోనూ పెట్టండి.

ముందుగా జాతీయ పరీక్షలు: జేఈఈ మెయిన్, నీట్, సీయూఈటీ, ఐసర్, ఎన్‌సీఈటీ. వీటిలో చాలావాటి ఫారాలు ప్లస్ టూ పరీక్షల ముందో, ఆ రోజుల్లోనో వచ్చి వెళ్లిపోతాయి. రిజల్ట్ వచ్చాక మేలుకునేవాళ్లు ఇక్కడే నష్టపోతున్నారు.

తర్వాత ఒడిశా: ప్లస్ త్రీకి సామ్స్ (ఒడిశా ప్రభుత్వ అడ్మిషన్ల) పోర్టల్‌లో ఉమ్మడి దరఖాస్తు, మార్కుల మీద ఎంపిక. బీటెక్‌కి ఓజేఈఈ (ఒడిశా రాష్ట్ర ప్రవేశ పరీక్ష) వాళ్ల కౌన్సెలింగ్, దానికి చూసేది జేఈఈ మెయిన్ ర్యాంకు. బీ ఫార్మసీకి ఓజేఈఈ పరీక్ష.

చివరగా ఆంధ్రా, మీకు అర్హత ఉందని పైన రెండో భాగంలో చెప్పిన లెక్కలో తేలితేనే: ఈఏపీసెట్, డిగ్రీకి ఆన్‌లైన్ అడ్మిషన్ పోర్టల్.

సామ్స్‌లో ఆప్షన్లు ఇచ్చేటప్పుడు కాలేజీ వరుస మాత్రమే కాదు, సబ్జెక్టు వరుస కూడా మీదే. నెట్ సెంటర్ కుర్రాడికి వదిలేస్తే తనకి తోచిన సబ్జెక్టులు నింపేస్తాడు. ఇంట్లోనే కాగితం మీద వరుస రాసుకుని వెళ్లి, సబ్మిట్ నొక్కే ముందు స్క్రీన్ మీద ఒక్కొక్క లైనూ సరిచూడండి. ఫోన్ నంబరు, మెయిల్ మీదే ఇవ్వండి, ఓటీపీలు వేరేవాళ్ల ఫోన్‌కి వెళ్తే ఆ సీజన్ అంతా వాళ్ల వెనక తిరగాలి.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

*సీటు ఇప్పిస్తామనే ఏజెంట్లు.* జూన్, జూలైలో మన ఊళ్లకి కన్సల్టెన్సీ వాళ్లు వస్తారు, బెంగళూరు నర్సింగ్ అనో, భువనేశ్వర్ బీటెక్ అనో. అడ్వాన్సు అడిగితే ఆగండి. ఫీజు కాలేజీ ఖాతాకే కట్టండి, రసీదు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. కాలేజీలు సైతం వెరిఫికేషన్ చేసి తిరిగి ఇచ్చేయాలని యూజీసీ నిబంధన ఉంది.

*పక్కింటి పోలిక.* వాళ్ల అబ్బాయి సీఎస్ఈ తీసుకున్నాడు కాబట్టి మనవాడూ అదే. ప్లస్ టూలో మ్యాథ్స్ అంటే భయపడ్డ పిల్లాడికి నాలుగేళ్ల మ్యాథ్స్ పేపర్లు, బ్యాక్‌లాగ్‌లు. మార్కుల కాగితం చూడండి, ఏ సబ్జెక్టు తనంతట తాను చదువుతున్నాడో చూడండి.

*ఆడపిల్లకి దగ్గర్లో ఏదో ఒక బీఏ చాలనుకోవడం.* ఇది నన్ను చాలా బాధపెడుతుంది. దగ్గర్లోనే చదివించండి, అది మీ ఇష్టం, కానీ అదే కాలేజీలో ఏ సబ్జెక్టు తీసుకుంటే తర్వాత ఏ పరీక్ష రాయగలదో ఆ అమ్మాయితో కూర్చుని చూడండి. ఖర్చు అంతే, ఫలితం వేరు.

*చేరాక తప్పు కోర్సని తెలిసింది.* మొదటి కొన్ని వారాల్లోనే ప్రిన్సిపాల్ ఆఫీసులో సబ్జెక్టు మార్పుకి దరఖాస్తు పెట్టండి, ఖాళీలు ఉంటే చాలా చోట్ల మారుస్తారు. కుదరకపోతే మైనర్ సబ్జెక్టుతో కొంత సరిచేసుకోవచ్చు. రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికి 2022లో యూజీసీ ఒప్పుకుంది కాబట్టి, రెగ్యులర్ డిగ్రీ పక్కన దూరవిద్యలో రెండోదీ పెట్టుకోవచ్చు. కాకపోతే మార్కులు రెండింటిలోనూ పడిపోయేలా మాత్రం చేయొద్దు.

10. చేరే రోజు సంచిలో ఉండాల్సినవి

- పది, ప్లస్ టూ మార్కుల మెమోలు, ఒరిజినల్స్‌తో పాటు నాలుగైదు సెట్ల జెరాక్సు
- కాలేజీ లీవింగ్ సర్టిఫికెట్, కండక్ట్ సర్టిఫికెట్
- వేరే రాష్ట్రం లేదా వేరే బోర్డు అయితే మైగ్రేషన్ సర్టిఫికెట్. సీటు ఖాయం అవ్వక ముందే అప్లై చేయండి, రావడానికి సమయం పడుతుంది
- రెసిడెంట్, కుల, ఆదాయ సర్టిఫికెట్లు
- ఆధార్, బ్యాంకు పాసుబుక్కు. ఖాతా పిల్లల పేరు మీదే ఉండాలి, ఆధార్ లింకై ఉండాలి, లేకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది
- పాస్‌పోర్టు ఫొటోలు

పేరు స్పెల్లింగు పదో తరగతి మెమోలోనూ, ఆధార్‌లోనూ, కుల సర్టిఫికెట్‌లోనూ ఒకేలా ఉందా చూడండి. మన వైపు ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలు ఉండదు. ఒడియాలో రాసిన పేరు ఇంగ్లీషులోకి ఎక్కినప్పుడు అక్షరాలు కూడా మారిపోతాయి. ఆధార్ సరిచేయడం సులువు, పదో తరగతి మెమో సరిచేయడం కష్టం, అందుకే మెమోలో ఉన్న స్పెల్లింగే ఖాయం చేసుకుని మిగతావన్నీ దానికి సరిపెట్టండి. ఈ పని జనవరిలో మొదలుపెడితే జూన్‌కి పూర్తవుతుంది.